ముప్పై రూపాయల ఓ-రింగ్ కోసం పలాసకి రెండు ట్రిప్పులు

డయాలసిస్ మెషిన్లకి సర్వీస్ చేసే ఒక కంపెనీలో నేను ఫీల్డ్ టీమ్ చూసుకుంటాను. ఆఫీసు హైదరాబాద్‌లో. నాతో కలిపి ఏడుగురం. ఇటు ఆదిలాబాద్ నుంచి అటు ఇచ్ఛాపురం దాకా, కింద తిరుపతి, మదనపల్లె దాకా ఎక్కడ మెషిన్ ఆగినా మాలో ఒకడు బ్యాగు సర్దుకోవాల్సిందే. నెలలో సగం రోజులు బండ్లలోనే గడుస్తాయి, కాబట్టి టూర్ పాలసీ అనే ఆ రెండు పేజీల కాగితం మాకు దాదాపు జీతంతో సమానం.

2023 ఏప్రిల్‌లో ఆ కాగితం మారింది. పై నుంచి ఖర్చులు తగ్గించమని మాట వచ్చింది, ఫైనాన్స్ వాళ్ళు ఒక మధ్యాహ్నం కూర్చుని రాసేశారు. రైలయితే స్లీపర్ మాత్రమే. తత్కాల్ చార్జీ ఇవ్వరు, "ముందుగా ప్లాన్ చేసుకోవాలి" అట (మెషిన్ పాడయ్యే ముందు మాకు శుభలేఖ పంపదు కదా). రూముకి 900, ఇద్దరు వెళ్తే ఒకే రూము, అప్పుడు 1200. తిండికి రోజుకి 350, అదీ బిల్లులు పెడితేనే. లోకల్ తిరుగుడుకి 150. రాత్రి ఉండాలంటే సాయంత్రం నాలుగు లోపు సర్వీస్ హెడ్ దగ్గర అప్రూవల్ తీసుకోవాలి. లాడ్జి బిల్లు మీద జీఎస్టీ నంబరు తప్పనిసరి. నెలాఖరుకి క్లెయిమ్ పెడితే ఆ పైనెల జీతంతో డబ్బులు వస్తాయి, అంటే నెల మొదట్లో పెట్టిన ఖర్చు చేతికి తిరిగొచ్చేసరికి దగ్గరదగ్గర రెండు నెలలు.

చదవగానే నాకు కోపమేమీ రాలేదు, నిజం చెప్పాలంటే. సర్దుకుపోవచ్చులే అనుకున్నాను. ఏడుగురం అలాగే అనుకున్నాం. పదకొండు నెలలు సర్దుకుపోయాం. ఆ సర్దుకుపోవడం ఎలా ఉంటుందో ముందు చెప్పాలి, ఎందుకంటే అసలు నష్టం అక్కడే జరిగింది.

సర్దుకుపోవడం అంటే

మొదటి వారంలోనే తెలిసింది, ఈ పాలసీ రాసినవాళ్ళు మ్యాప్ చూడలేదని. భద్రాచలంలో కాల్ (మెషిన్ బాగుచేయమని వచ్చే పిలుపుని మేం కాల్ అంటాం) ఉంటే "రైల్లో భద్రాచలం రోడ్ స్టేషన్‌కి వెళ్ళి, అక్కడి నుంచి లోకల్ 150లో చూసుకోండి" అన్నారు. భద్రాచలం రోడ్ అనే స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుంచి భద్రాచలం దాదాపు 40 కిలోమీటర్లు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, ఊళ్ళోకి పది పన్నెండు కిలోమీటర్లు పోవాలి. పన్నెండు కేజీల టూల్ బ్యాగు, పక్కన స్పేర్ బోర్డుల పెట్టె పట్టుకుని తెల్లవారుజామున షేర్ ఆటోలో ఎలా కూర్చుంటావో నీ ఇష్టం. మా అకౌంట్స్ మేడమ్‌కి ఫోన్ చేసి చెప్తే, "స్టేషన్ పేరే శ్రీకాకుళం కదండీ, మళ్ళీ ఆటోకి 400 ఎందుకు?" అన్నారు. ఆవిడ తప్పు కాదు. ఆవిడ ముందున్న కాగితంలో 150 అని ఉంది.

తిరుపతిలో 900కి రూము దొరకడమంటే, శనాదివారాలైతే మరీ, అదొక దర్శనం. మావాడొకడు రెండుసార్లు బస్టాండ్ బెంచీ మీద పడుకుని పొద్దున్నే ఆసుపత్రిలో స్నానం చేసి పని మొదలుపెట్టాడు. ఈ సంగతి వాడు జోక్‌లా చెప్పాడు, మేం నవ్వాం కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

జీఎస్టీ నంబరు గోల ఇంకోటి. చిన్న ఊళ్ళలో లాడ్జీల ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటకపోతే వాళ్ళు రిజిస్ట్రేషనే తీసుకోనక్కర్లేదు, తీసుకోరు కూడా. టెక్కలిలోనో పలాసలోనో నలభై ఏళ్ళ నాటి లాడ్జి, ఓనరే కౌంటర్లో కూర్చుని చేత్తో బిల్లు రాసిస్తాడు. ఆ బిల్లు మా ఆఫీసుకి చెల్లదు. నంబరు ఉన్న హోటల్‌కి వెళ్తే 900లో రూము లేదు. ఇక్కడ అసలు తమాషా ఏమిటంటే, ఆ జీఎస్టీ బిల్లు తెచ్చినా కంపెనీకి పైసా తిరిగొచ్చేది కాదు. హోటల్ రూము విషయంలో హోటల్ ఏ రాష్ట్రంలో ఉంటే పన్ను ఆ రాష్ట్రానిది. మా కంపెనీ రిజిస్ట్రేషన్ తెలంగాణలో ఒక్కచోటే ఉంది. శ్రీకాకుళంలో కట్టిన ఆంధ్ర పన్నుకి ఇక్కడ క్రెడిట్ రాదు, అంటే కంపెనీ కట్టాల్సిన పన్నులోంచి దాన్ని తగ్గించుకోవడానికి లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచయితే 7,500 లోపు రూములకి 5 శాతం చేసి అసలు క్రెడిటే తీసేశారు, ఆ వాదనకే చోటు లేకుండా పోయింది. కానీ అప్పట్లో ఇది మాకెవరికీ తెలియదు, ఫైనాన్స్‌లో తెలిసినవాళ్ళు చెప్పలేదు.

ఇక బిల్లుల సంగతి. దీని గురించి పైకి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేనే చెప్తాను. లాడ్జిలో రూము ఖాళీ చేసేటప్పుడు కౌంటర్లో కుర్రాడు పెన్ను పట్టుకుని, చాలా మామూలుగా, "బిల్లు ఎంతకి రాయమంటారు సార్?" అని అడుగుతాడు. అంటే ఈ దారిలో నడిచినవాళ్ళం మేమొక్కళ్ళమే కాదన్నమాట. మా కుర్రాళ్ళు మొదట ఆటోలో పోయిన 250 రాబట్టుకోవడానికి ఇడ్లీ బిల్లు పెంచి రాయించారు. తర్వాత బిల్లు లేని టీలు, నీళ్ళ సీసాలు, స్టేషన్లో కూలీ, ఇవన్నీ కలిపి లాడ్జి బిల్లులో కలిపారు. మొదట అది పోయిన డబ్బు రాబట్టుకోవడమే. ఆరు నెలల తర్వాత ఏది రాబట్టుకోవడమో ఏది మిగుల్చుకోవడమో వాళ్ళకే తెలియని స్థితి వచ్చింది. ఆ క్లెయిముల మీద సంతకం పెట్టింది నేను. తెలిసే పెట్టాను. నిజం బిల్లులు తెచ్చి నెలకి రెండు మూడు వేలు జేబులోంచి పోగొట్టుకున్నవాడు ఒకడున్నాడు మా టీమ్‌లో, వాడిని అందరూ అమాయకుడనేవాళ్ళు. ఆ మాట నా చెవిన పడ్డ రోజు ఇది చేయి దాటుతోందని అనిపించింది.

డబ్బు ముందు మేం పెట్టడం, కంపెనీ తర్వాత ఇవ్వడం అనే పద్ధతి గురించి కూడా ఒక మాట. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయిన కుర్రాడికి నెలకి పన్నెండు పదిహేను వేలు టూర్ ఖర్చవుతుంది. రెండు నెలలు ఆగాలంటే పాతిక ముప్పై వేలు వాడిది కంపెనీ దగ్గర ఎప్పుడూ ఇరుక్కుని ఉంటుంది. వడ్డీ లేని అప్పు, ఉద్యోగి యజమానికి ఇచ్చేది. ఒకడు క్రెడిట్ కార్డు మీద నడిపాడు, మినిమమ్ కట్టుకుంటూ. కార్డు వడ్డీ నెలకి సుమారు మూడున్నర శాతం పడుతుంది. చేతిచమురు భాగవతం అంటే ఇదే కదా.

మేడమ్‌కి బస్సు ఫ్రీ కదా

మా టీమ్‌లో ఒక అమ్మాయి ఉంది, మెషిన్ మీద చేయి మా అందరికంటే నిదానం, తప్పులు తక్కువ. కొత్త పాలసీలో ఒకే రూము అనే నిబంధన వచ్చాక, స్పేర్లు మోయడానికి ఇద్దరిని పంపాల్సిన కాల్స్‌కి ఆవిడని పంపడం మానేశారు. పైన ఎవరూ మెయిల్ రాయలేదు, "వద్దు" అనలేదు, అలా మానేశారంతే. అవుట్‌స్టేషన్ కాల్స్ తగ్గితే ఇన్సెంటివ్ తగ్గుతుంది. ఆడవాళ్ళకి వేరే రూము ఇవ్వాలంటే 600 ఎక్కువ అవుతుంది, అందుకని ఆవిడ సంపాదనలోంచి నెలకి నాలుగు వేలు పోయాయి. లెక్క అక్కడికి తేలింది.

దాని మీద జీరో టికెట్ గొడవ. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి వచ్చింది, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచితం. జనవరిలో ఆవిడ ఒంటరిగా భద్రాచలం కాల్‌కి రాత్రి సూపర్ లగ్జరీలో వెళ్ళొచ్చి టికెట్లు పెడితే, క్లెయిమ్ తిరిగొచ్చింది. పైన ఎర్ర సిరాతో "ఎక్స్‌ప్రెస్‌లో ఉచితం కదా" అని రాసి ఉంది. 300 కిలోమీటర్ల పైన దూరం, రాత్రంతా ఎక్స్‌ప్రెస్‌లో, సీటు దొరికితే కూర్చుని, లేకపోతే టూల్ బ్యాగు మీద కూర్చుని వెళ్ళి పొద్దున్నే డయాలసిస్ మెషిన్ విప్పాలి. ప్రభుత్వం ఆడవాళ్ళకి ఇచ్చిన దాన్ని కంపెనీ తన ఖాతాలో జమ వేసుకోవడం నాకు అప్పటిదాకా ఊహకి అందని విషయం. (2025 ఆగస్టు 15న ఆంధ్రలో అక్కడి ఆడవాళ్ళకి ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి మొదలైనప్పుడు ఆ ప్రశ్న మళ్ళీ వచ్చింది, ఈసారి ఆవిడే నవ్వి "నా ఆధార్ హైదరాబాద్ది సార్" అని తేల్చేసింది.)

ఆ ఎర్ర సిరా కాగితాన్ని ఆవిడ చింపలేదు, అరవలేదు. ఫోటో తీసి దాచుకుంది. తర్వాత జరిగినదానికంతటికీ మొదలు ఆ ఫోటోనే.

పలాస కాల్

2024 ఫిబ్రవరి. ఉద్దానం వైపు ఒక డయాలసిస్ సెంటర్ నుంచి సోమవారం ఫోన్. ఒక మెషిన్‌లో కండక్టివిటీ అలారం (డయాలసిస్ ద్రావణంలో లవణాల పాళ్ళు తప్పితే మోగేది) వస్తోంది, ఒకసారి వస్తోంది, ఒకసారి పోతోంది. ఉద్దానం అంటే తెలుగువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, కిడ్నీ జబ్బుకి పేరు పడిపోయిన కొబ్బరి తోటల ఊళ్ళు. అక్కడ ఒక మెషిన్ ఆగితే ఆ రోజు ముగ్గురు పేషెంట్లని మిగతా షిఫ్టుల్లో సర్దాలి. ఒక్కొక్కరికి నాలుగేసి గంటలు, వారానికి రెండు మూడుసార్లు. సర్దడమంటే ఒకరిని రాత్రి పదింటి దాకా కూర్చోబెట్టడం, ఇంకొకరిని రేపు రమ్మనడం.

ఉన్నవాళ్ళలో ఖాళీగా ఉన్నది రెండేళ్ళ అనుభవం ఉన్న కుర్రాడు. తత్కాల్‌కి డబ్బులివ్వరు కాబట్టి మామూలు కోటాలో స్లీపర్ వెయిటింగ్ లిస్ట్ తీసుకున్నాడు మంగళవారం ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌కి. చార్ట్ వేళకి ఆర్ఏసీ అయింది. అంటే సైడ్ లోయర్ బెర్తు మీద ఇద్దరు, కాళ్ళు ముడుచుకుని ఎదురెదురుగా. ఫలక్‌నుమా స్లీపర్ బోగీ ఎక్కినవాళ్ళకి తెలుసు, బెంగాల్ వెళ్ళే కూలీలతో నడిచే దారిలో కూడా జనమే. 900 కిలోమీటర్లు అలా వెళ్ళి తెల్లారేసరికి పలాసలో దిగాడు. లాడ్జి లేదు, ఎందుకంటే పాలసీ ప్రకారం అదే రోజు తిరిగొచ్చే పని. సెంటర్లోనే మొహం కడుక్కుని మెషిన్ విప్పాడు.

పది గంటలకల్లా ఒకసారి అలారం వచ్చింది. కండక్టివిటీ తక్కువ. రిఫరెన్స్ మీటరు పెట్టి చూశాడు, కొంచెం తేడా కనిపించింది, మెషిన్ రీడింగ్‌ని దానికి సరిపోయేలా కాలిబ్రేట్ చేశాడు. గంటసేపు ఉత్తినే నడిపాడు, బాగుంది. పూర్తి సెషన్ చూస్తే తప్ప నమ్మకం లేదని వాడికి అనిపించింది, నాకు మెసేజ్ పెట్టాడు, నేను సర్వీస్ హెడ్‌కి పెట్టాను. ఆయన మీటింగ్‌లో ఉన్నారు. నాలుగు దాటింది. అప్రూవల్ లేదు. వాడు సాయంత్రం బండెక్కేశాడు. నేను ఆగమని చెప్పగలిగేవాడినే, చెప్పలేదు. "రూము డబ్బు నేనిస్తా, ఉండు" అని ఒక్క మాట. అప్పటికి ఆ నెలలో అలా మూడుసార్లు అని ఉన్నాను, నాలుగోసారి అనలేదు.

గురువారం మధ్యాహ్నం రెండో షిఫ్ట్‌లో పేషెంట్ మెషిన్ మీద ఉండగా రెండు గంటల తర్వాత మళ్ళీ అలారం. ఇలాంటప్పుడు మెషిన్ తనంతట తనే బైపాస్‌లోకి వెళ్తుంది, తేడా ఉన్న ద్రావణం డయలైజర్ (రక్తాన్ని శుభ్రం చేసే ఫిల్టర్) దాకా పోదు, కాబట్టి పేషెంట్‌కి ఏమీ కాలేదు. కానీ మధ్యలో ఆపి వేరే మెషిన్‌కి మార్చాల్సి వచ్చింది. సెంటర్ డాక్టర్ గారు నాకు ఫోన్ చేసి గొంతు పెంచకుండా ఒకటే అన్నారు: "మీవాడు వచ్చి ఏం చేసి వెళ్ళాడండీ?"

ఈసారి నేనే వెళ్ళాను. ఇక్కడ గమనించండి, ఎస్కలేషన్, అంటే పైదాకా వెళ్ళిన ఫిర్యాదు కాబట్టి ఒక్క ఫోన్‌తో థర్డ్ ఏసీ వచ్చింది, రెండు రాత్రులకి రూము అప్రూవల్ వచ్చింది. మొదటిసారి లేని డబ్బు రెండోసారికి ఉంది.

శనివారం మెషిన్ పక్కన స్టూలు వేసుకుని సెషన్ మొదటి నిమిషం నుంచి కూర్చున్నాను. గంటన్నర ఏమీ లేదు. తర్వాత, డయాలసిస్ ద్రావణంలో కలిసే బైకార్బొనేట్ డబ్బాలో మట్టం సగానికి దిగాక, పీల్చే గొట్టంలో ఆగి ఆగి సన్నటి గాలి బుడగలు. కనెక్టర్ దగ్గర ఓ-రింగ్ అరిగిపోయింది. డబ్బా నిండుగా ఉన్నంతసేపు తెలియదు, మట్టం దిగేకొద్దీ మెషిన్ గట్టిగా పీలుస్తుంది, అప్పుడు ఆ సందులోంచి గాలి లాగుతుంది, బైకార్బ్ తగ్గుతుంది, కండక్టివిటీ పడిపోతుంది. ముప్పై రూపాయల రబ్బరు ముక్క. మార్చాను, మావాడు మార్చిన కాలిబ్రేషన్‌ని మళ్ళీ సరిచేశాను, తర్వాతి సెషన్ కూడా మొత్తం చూసి లేచాను. గంటసేపు చూసి పట్టుకునే లోపం కాదిది. ఆర్ఏసీలో కూర్చుని వచ్చిన కళ్ళతో అసలే కాదు.

లెక్క వేస్తే

తిరిగొచ్చేటప్పుడు రైల్లో ఒక కాగితం మీద రాశాను. మొదటి ట్రిప్పులో కంపెనీ ఆదా చేసింది: థర్డ్ ఏసీకి స్లీపర్‌కి తేడా రానూ పోనూ సుమారు 1,600, రూము 900, ఒక రోజు తిండి 350. మొత్తం 2,850. రెండో ట్రిప్పుకి పెట్టింది: రైలు 2,600, రూము 1,800, తిండి 1,050, ఆటోలు 900. మొత్తం 6,350. నా మూడు పని రోజులు ఇందులో లేవు. మెషిన్ 48 గంటలు దాటి ఆగితే మా బిల్లులో రోజుకింత కోత అని కాంట్రాక్టులో ఉంటుంది, ఆ క్వార్టర్ బిల్లులో వాళ్ళు కోసుకున్నది ఇందులో లేదు. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారు, మేం గొడ్డలి కొని, దాని రవాణా చార్జీలు కూడా కట్టాం.

దీనికి ముందు మేం అడగలేదని కాదు. ఆగస్టులో ఏడుగురం సంతకాలు పెట్టి ఒక మెయిల్ పంపాం. అందులో "గౌరవం", "న్యాయం", "మనుషుల్లా చూడండి" లాంటి మాటలున్నాయి, అన్నీ నిజమే. పై వాళ్ళకది యూనియన్ లాగా కనిపించింది. ఎవరు డ్రాఫ్ట్ చేశారని అడిగారు తప్ప, అందులో ఏముందని అడగలేదు. డిసెంబరులో ఒకడు రిజైన్ చేసి ఎగ్జిట్ ఇంటర్వ్యూలో అంతా చెప్పాడు. వాడి స్థానంలో కొత్తవాడు వచ్చాడు, పాలసీ కదల్లేదు.

పలాస కాగితం చూపించినప్పుడు, అప్పటికి ఎక్కువగా ఆఫీసులోనే కూర్చోబెట్టిన ఆ అమ్మాయి అంది: "సార్, ఒక్కటి చూపిస్తే వాడికి పని రాదంటారు. అన్నీ తీద్దాం." మార్చి అంతా కూర్చుని పదకొండు నెలల క్లెయిములూ, కాల్ రిపోర్టులూ పక్కపక్కన పెట్టింది. ఒక ఎక్సెల్ షీట్. కాల్ నంబరు, ఊరు, మొదటి ట్రిప్పు ఖర్చు, పాలసీ వల్ల మిగిలింది, అదే మెషిన్‌కి పదిహేను రోజుల్లోపు మళ్ళీ వెళ్ళామా, వెళ్తే ఎంతయింది, కోత పడిందా. అంతే. రిపీట్ కాల్స్ 41 తేలాయి. అందులో 26 మొదటిసారి రాత్రి ఉండనివి. మిగతా 15 మా తప్పులూ, దొరకని స్పేర్లూ. వాటిని తీసేద్దామా అని ఒకడన్నాడు, ఆవిడ ఒప్పుకోలేదు. ఆ 15 ఉండబట్టే తర్వాత మీటింగ్‌లో ఫైనాన్స్ హెడ్ ఆ 26ని నమ్మారని నా అభిప్రాయం.

ఏప్రిల్‌లో మీటింగ్. ఎండీ గారు షీట్ చూడకముందే ఒక బాణం వేశారు: "సెంట్రల్ గవర్నమెంట్‌లో కూడా మీ స్థాయి వాళ్ళకి హోటల్‌కి 750యే ఇస్తారయ్యా, మేం 900 ఇస్తున్నాం." ఇది వస్తుందని ముందే విని ఉన్నాం, అందుకని ఏడో పే కమిషన్ తర్వాత 2017 జులైలో వచ్చిన ఆర్డరు ప్రింటు తీసి పెట్టుకున్నాం. నిజమే, జీతాల లెవెల్ 6 నుంచి 8 వాళ్ళకి 750, 5, దాని కింద వాళ్ళకి 450. కానీ అదే ఆర్డర్లో తిండికి లెవెల్ 5 వాళ్ళకి కూడా రోజుకి 500 ఉంది, 6 నుంచి 8 వాళ్ళకి 800. డీఏ (కరువు భత్యం) 50 శాతం పెరిగితే ఇవన్నీ 25 శాతం పెరుగుతాయని ఉంది, ఆ జనవరితోనే డీఏ 50కి చేరింది. అన్నిటికంటే ముఖ్యం, రైల్లో లెవెల్ 5, అంతకంటే కింద ఉన్నవాళ్ళకి కూడా థర్డ్ ఏసీ, 6 నుంచి 11 దాకా సెకండ్ ఏసీ. "సార్, గవర్నమెంట్ పద్ధతే పెట్టండి, మాకేం అభ్యంతరం లేదు" అన్నాను. ఎండీ గారు కళ్ళజోడు తీసి కాగితం దగ్గరగా పెట్టుకుని చదివారు. ఆ తర్వాత గవర్నమెంట్ మాట ఎత్తలేదు.

షీట్ మీద చర్చ మాత్రం మేం అనుకున్నట్టు నడవలేదు. రైలు, రూము ఖర్చుల మీద ఎవరికీ పెద్ద ఆసక్తి లేదు. కాంట్రాక్టు కోత అనే ఆఖరి నిలువు వరస దగ్గర ఎండీ గారు ఆగిపోయారు, ఎందుకంటే ఆ కోత ఇన్నాళ్ళూ సేల్స్ వాళ్ళ లెక్కలో పడుతోంది, టూర్ ఖర్చు సర్వీస్ వాళ్ళ లెక్కలో పడుతోంది, రెండూ ఒకే కాగితం మీద ఆయన ఎప్పుడూ చూడలేదు. సర్వీస్ హెడ్ టూర్ బడ్జెట్ తగ్గించి మెప్పు పొందుతున్నారు, దాని దెబ్బ ఇంకో డిపార్ట్‌మెంట్‌లో పడుతోంది. పాలసీలోని పిసినారితనం ఎవరి గుణమూ కాదు, లెక్కలు రెండు పుస్తకాల్లో ఉండటమే దాని కారణం. ఇది నాకు కూడా ఆ గదిలోనే అర్థమైంది, ముందే తెలిసి వెళ్ళానని చెప్పుకుంటే అబద్ధం.

జీఎస్టీ బిల్లు సంగతి అడిగితే ఫైనాన్స్ హెడ్ నిజం చెప్పారు: క్రెడిట్ కోసం కాదు, దొంగ బిల్లులు రాకుండా పెట్టాం అన్నారు. అప్పుడు నేను లాడ్జి కుర్రాడి ప్రశ్న చెప్పాను. నేను సంతకాలు పెట్టిన సంగతి కూడా చెప్పాను. గది కాసేపు చల్లబడింది. ఉద్యోగం పోతుందేమో అని టెన్షన్ పడ్డాను, పోలేదు, కానీ ఆ ఏడాది నా ఇంక్రిమెంట్ ఎందుకు తక్కువ వచ్చిందో నాకు తెలుసు.

వచ్చినవి, రానివి

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు మూడు నెలలు ట్రయల్ అన్నారు, తర్వాత అన్ని చోట్లా పెట్టారు. రాత్రి ప్రయాణం ఎనిమిది గంటలు దాటితే థర్డ్ ఏసీ. బ్రేక్‌డౌన్ కాల్ అయితే తత్కాల్. మొదటి రాత్రి ఉండాలా వద్దా అన్నది మెషిన్ ముందున్న ఇంజినీర్ నిర్ణయం, అప్రూవల్ అక్కర్లేదు, రెండో రాత్రికి మాత్రం అడగాలి. రూము పరిమితి మనిషి హోదాని బట్టి కాకుండా ఊరిని బట్టి: విశాఖ, విజయవాడ, తిరుపతికి 1,800, మిగతా ఊళ్ళకి 1,300, చేతిరాత బిల్లయినా చెల్లుతుంది. ఒకే రూము నిబంధన పోయింది. తిండికి బిల్లులు లేకుండా రోజుకి 500 లంప్‌సమ్. దీనికి ఫైనాన్స్ వాళ్ళు పన్ను పడుతుందేమో అని వెనక్కి లాగారు. టూర్‌లో రోజువారీ ఖర్చుకిచ్చే అలవెన్సు నిజంగా ఖర్చయినంత మేరకి పన్ను లేదు, మిగిలితేనే లెక్కలోకి వస్తుంది. 500లో మిగిలేదేముంది అని వాళ్ళ ఆడిటరే అనేసరికి ఆగింది.

అడ్వాన్స్ దగ్గర కాసేపు వాదన. "నగదు పదివేలు దాటి ఇస్తే ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఒప్పుకోరు" అన్నారు. నగదు ఎవరడిగారు, బ్యాంకు ఖాతాలో వేయండి అన్నాం. ఇప్పుడు అంచనా ఖర్చులో ముప్పావు వంతు బయల్దేరే ముందే పడుతుంది.

లోకల్ 150 మాత్రం ఎత్తేయలేదు, స్టేషన్ నుంచి పది కిలోమీటర్లు దాటితే అసలు ఖర్చు ఇస్తామన్నారు. దానికి యూపీఐ రసీదు చాలు. అందుకని మావాళ్ళు ఆటోకి డబ్బు కొట్టేటప్పుడు నోట్‌లో "ఆమదాలవలస స్టేషన్ నుంచి ఆసుపత్రి" అని రాసే అలవాటు చేసుకున్నారు. నెలాఖరున ఎవరికీ ఏదీ గుర్తుండదు మరి. థర్మల్ కాగితం బిల్లులు జేబు వేడికే తెల్లబడిపోతాయి కాబట్టి కౌంటర్ దగ్గరే ఫోటో. ఇంకో అలవాటు, ఇది మీ కంపెనీలో పాలసీ మారకపోయినా పనికొస్తుంది: అప్రూవల్ అడిగేటప్పుడు "ఉండొచ్చా సార్" అని అడగం. "ఈ రాత్రి ఉండకపోతే పూర్తి సెషన్ చూడకుండానే మెషిన్ అప్పగించి వస్తున్నాను" అని రాస్తాం. ఒకే విషయం, కానీ రెండో దానికి వద్దని జవాబు టైపు చేయడానికి ఎవరి వేలూ అంత తేలిగ్గా కదలదు. పాత పాలసీ రోజుల్లో ఇలా రాసి ఉంటే పలాసకి రెండోసారి వెళ్ళేవాళ్ళం కాదేమో.

తెల్లవారి దిగి, సాయంత్రానికి పని అయిపోయే కాల్స్‌కి రూము అక్కర్లేదు కదా, అలాంటప్పుడు విశాఖలో, విజయవాడలో రైల్వే రిటైరింగ్ రూము పీఎన్ఆర్ మీద తీసుకుంటున్నాం. స్నానానికి, రెండు గంటల నిద్రకి చాలు, లాడ్జి కంటే చవక. కంపెనీ మీద కోపంతో ఎక్కువ ఖర్చు పెట్టించాలని మాలో ఎవరికీ లేదు, ఇది ఫైనాన్స్ వాళ్ళకి అర్థం కావడానికి ఏడాది పట్టింది.

ఆ అమ్మాయి ఇప్పుడు కోస్తా మొత్తం చూసుకుంటోంది. రిపీట్ కాల్స్ తగ్గాయి, పోలేదు, మా తప్పుల వల్ల వచ్చేవి ఎప్పటిలాగే వస్తున్నాయి. బిల్లులు పెంచి రాయించడం పూర్తిగా ఆగిందా అంటే, ఒకడి క్లెయిమ్‌లో మొన్న మే నెలలో పాత వాసన వచ్చింది, పిలిచి మాట్లాడాను, ఈసారి సంతకం పెట్టలేదు.

ఆదివారం ప్రయాణం సంగతి ఇంకా తేలలేదు. సోమవారం పొద్దున ఇచ్ఛాపురంలో ఉండాలంటే ఆదివారం బండెక్కాలి. బండిలో ఉన్న టైము పని కాదంటున్నారు, కాబట్టి కాంప్ ఆఫ్ (బదులు సెలవు) లేదు. ఆవిడ మళ్ళీ ఎక్సెల్ తెరిచింది. ఈసారి నిలువు వరసలు ఏం పెట్టాలో ఇద్దరం ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాం, ఎందుకంటే మేం పోగొట్టుకున్న ఆదివారానికి కాంట్రాక్టు కోత లాంటిది ఏమీ లేదు.